షియర్‌వాటర్ స్విఫ్ట్ ట్రాన్స్‌మిటర్: వస్తువు మంచిదే, అసలు సంగతి బిగింపులో ఉంది

స్కూబా డైవింగ్‌కి వాడే షియర్‌వాటర్ వాళ్ల స్విఫ్ట్ ట్రాన్స్‌మిటర్ చేసే పని ఒక్కటే. సిలిండర్‌లో ఇంకా ఎంత గాలి ఉందో రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ వాల్వ్ మీద బిగించే భాగం) దగ్గరే కొలిచి, మధ్యలో హోస్ ఏదీ లేకుండా చేతికున్న డైవ్ కంప్యూటర్‌కి పంపుతుంది. ఆ పని చాలా బాగా చేస్తుంది. రేడియోతో పనిచేసే ట్రాన్స్‌మిటర్లలో ఒకటి ఎంచుకోమంటే ముందు దీని పేరే చెబుతాం. అయితే ఇలాంటి వాటి మీద తరచూ వినిపించే ఫిర్యాదులు మూడు: సిగ్నల్ పోతోంది, మొదలు దగ్గర బుడగలొస్తున్నాయి, బాడీ విరిగింది. ఈ మూడూ చాలాసార్లు బిగించడంలో జరిగిన తప్పులే. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ చోటు బిగింపుకే ఇస్తున్నాం.

కొనే ముందు కంప్యూటర్ సంగతి చూసుకోండి. స్విఫ్ట్ పెర్డిక్స్ ఏఐ, పెర్డిక్స్ 2, టెరిక్, పెట్రెల్ 3, నెర్డ్ 2, పెరెగ్రిన్ టీఎక్స్‌లతో పనిచేస్తుంది. పేరు చివర టీఎక్స్ లేని పాత పెరెగ్రిన్‌లో రిసీవరే లేదు, దానికి ఏ ట్రాన్స్‌మిటరూ పనికిరాదు. ఈ రెండు పేర్ల దగ్గర పొరబడి వస్తువు వెనక్కి పంపేవాళ్లు ఉంటారు.

తర్వాత చూడాల్సింది పోర్ట్. ఫస్ట్ స్టేజ్ మీద హోస్‌లు బిగించే రంధ్రాలు, అంటే పోర్ట్‌లు, రెండు రకాలుంటాయి. లో ప్రెషర్ పోర్ట్ నుంచి సెకండ్ స్టేజ్‌కీ (నోట్లో పెట్టుకునే భాగం), బీసీడీకీ (గాలి నింపుకునే జాకెట్) గాలి వెళ్తుంది. అక్కడ పీడనం చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే సుమారు 10 బార్ ఎక్కువ. హై ప్రెషర్ పోర్ట్‌లో మాత్రం సిలిండర్‌లో ఎంతుంటే అంత, నిండు సిలిండరైతే 200 బార్, కొన్నింటిలో 300 బార్. ట్రాన్స్‌మిటర్ స్థానం ఈ రెండోదే. ఇప్పటి రెగ్యులేటర్లలో హై ప్రెషర్ పోర్ట్ మర సైజు 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. లో ప్రెషర్‌ది సాధారణంగా 3/8 అంగుళం, 24 మరలు. సైజు తేడా పెట్టిందే ఒకదాని హోస్ ఇంకోదానికి పట్టకుండా ఉండాలని. పోర్ట్ పక్కన హెచ్‌పీ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి, అది చూసుకునే ప్లగ్ విప్పండి. బాగా పాత రెగ్యులేటర్లలో రెండు పోర్ట్‌లకీ 3/8 మరే ఉండేది. అలాంటిది మీ దగ్గరుంటే అడాప్టర్ల కోసం వెతక్కండి, ఫస్ట్ స్టేజే మార్చండి.

హై ప్రెషర్ పోర్ట్ ఒక్కటే ఉండి, అందులో ఇప్పటికే పీడనం చూపే గేజ్ హోస్ ఉంటే ఒకటి తీసి ఇంకోటి పెట్టాలి. ఒక్క పోర్ట్‌ని రెండు చేసే స్ప్లిటర్లు దొరుకుతాయి గానీ వాటిని మేం సిఫార్సు చేయం. ప్రతి అదనపు జాయింటూ 200 బార్ దగ్గర లీకయ్యే ఇంకో చోటు.

ఇక బిగింపు. రెగ్యులేటర్ సిలిండర్ మీద ఉండకూడదు, లోపల గాలి ఉండకూడదు. ఇది మాట వరసకు చెప్పే జాగ్రత్త కాదు. 7/16 అంగుళాల రంధ్రం మీద 200 బార్ పీడనం అంటే దాన్ని బయటికి నెట్టే బలం దాదాపు 200 కిలోల బరువంత. గాలి ఉండగా ప్లగ్ వదులు చేస్తే అది తూటాలా వస్తుంది. సిలిండర్ వాల్వ్ మూసి, సెకండ్ స్టేజ్ పర్జ్ బటన్ నొక్కి గాలంతా వదిలి, రెగ్యులేటర్‌ని విప్పి బల్ల మీద పెట్టుకోండి.

పోర్ట్ ప్లగ్‌కి చాలా రెగ్యులేటర్లలో 4 మిల్లీమీటర్ల అలెన్ కీ గానీ, 5/32 అంగుళాలది గానీ పడుతుంది. సైజు సరిగ్గా సరిపోయే కీ వాడండి. కాస్త వదులుగా ఉన్న కీతో ప్రయత్నిస్తే ఆరు మూలలూ అరిగిపోయి ప్లగ్ ఇక రాదు. ప్లగ్ వచ్చాక దాన్నీ, దాని ఓ-రింగ్‌నీ (లీకు ఆపే రబ్బరు వలయం) పారేయకండి. ట్రాన్స్‌మిటర్ సర్వీస్‌కి వెళ్లిన రోజు ఆ ప్లగ్ లేకపోతే రెగ్యులేటరే మూలన పడుతుంది.

పోర్ట్ లోపలికి టార్చ్ వేసి చూడండి. మరల్లో ఉప్పు పొడి, ఆకుపచ్చ తుప్పు, పాత గ్రీజు ముద్ద ఉంటే శుభ్రమైన, నూలు రాలని గుడ్డతో తుడవండి. పోర్ట్ అంచున ఓ-రింగ్ కూర్చునే వలయం ఉంటుంది, ముఖ్యమైన చోటు అదే. అక్కడ గీత పడి ఉంటే ఎంత కొత్త ఓ-రింగ్ వేసినా లీకు ఆగదు. ట్రాన్స్‌మిటర్ మర మొదట్లో ఉండే ఓ-రింగ్ 012 సైజు: లోపలి వ్యాసం 9.25 మిల్లీమీటర్లు, మందం 1.78. లో ప్రెషర్‌కి వాడే 011 ఒక మెట్టు చిన్నది. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి గానీ ఒకదాని బదులు ఇంకోటి పెడితే కుదరదు. సామాన్ల పెట్టెలో వేర్వేరు డబ్బాల్లో, పైన నంబర్ రాసి పెట్టుకోవడం మంచిది. ఓ-రింగ్‌ని వేలి మీద తిప్పుతూ వెలుతురులో చూడండి. చదునుగా అణిగిపోయినా, సన్న పగులున్నా మార్చండి. గ్రీజు పలచటి పూత చాలు, ఓ-రింగ్ మెరవాలి గానీ తెల్లటి ముద్ద కనిపించకూడదు. ఎక్కువ రాస్తే సీలు మెరుగవ్వదు. దుమ్ము అంటుకుంటుంది, మిగిలిన గ్రీజు ట్రాన్స్‌మిటర్ సన్న రంధ్రంలోకి కూడా పోవచ్చు.

ఆ సన్న రంధ్రం గురించి ఒక మాట. మర చివర సూదిమొనంత రంధ్రం కనిపిస్తుంది. సెన్సర్ వైపు గాలి నెమ్మదిగా వెళ్లేలా కావాలనే అంత చిన్నగా పెడతారు. హై ప్రెషర్ వైపు ఏదైనా పగిలినా గాలి ఒక్కసారిగా ఖాళీ కాకుండా కాపాడేదీ అదే. హై ప్రెషర్ హోస్ తెగిన సిలిండర్ కంటే లో ప్రెషర్ హోస్ తెగిన సిలిండర్ త్వరగా ఖాళీ అవడానికి కారణం ఇదే. కాబట్టి ఆ రంధ్రంలో పిన్ను పెట్టి పొడవకండి.

బిగించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు పూర్తిగా చేత్తోనే. వేళ్లతో సాఫీగా తిరగాలి. ముందుగా అపసవ్యంగా అర చుట్టు తిప్పితే మరలు ఒకదాంట్లో ఒకటి పడ్డ చిన్న శబ్దం తెలుస్తుంది, అక్కడి నుంచి సవ్యంగా తిప్పండి. ఏ మాత్రం పట్టేసినట్టున్నా ఆపి, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. మర వంకరగా ఎక్కితే పాడయ్యేది ట్రాన్స్‌మిటర్ కాదు, ఫస్ట్ స్టేజ్ బాడీ. చేత్తో ఆగేదాకా వెళ్లాక, మెటల్ భాగం మీద ఉన్న చదునైన పక్కలకి సరిపోయే స్పానర్ పెట్టి మెల్లగా ఆన్చండి. గట్టిగా కాదు, కదలకుండా ఉండేంత. లీకు ఆపేది ఓ-రింగ్, మీ కండబలం కాదు. ఓ-రింగ్ దాని గాడిలో కూర్చున్నాక ఇంకా తిప్పితే పెరిగేది మరల మీద ఒత్తిడే.

ప్లాస్టిక్ బాడీని పట్టుకుని ఎప్పుడూ తిప్పకండి, బిగించేటప్పుడైనా విప్పేటప్పుడైనా. బాడీకీ మెటల్‌కీ మధ్య జాయింట్ అలాంటి మెలికకి తయారైంది కాదు. బ్యాటరీ మూత కూడా ఆ బాడీ మీదే ఉంటుంది కాబట్టి, బాడీ పట్టుకుని తిప్పబోతే ఒక్కోసారి మూతే వదులవుతుంది. నీళ్లు దూరేది అప్పుడే.

పరీక్ష ఇలా. రెగ్యులేటర్‌ని నిండు సిలిండర్‌కి పెట్టి వాల్వ్‌ని చాలా నెమ్మదిగా తెరవండి. గబుక్కున తెరిస్తే చివర చిక్కుకున్న గాలి ఒక్కసారిగా నలిగి వేడెక్కుతుంది, సెన్సర్‌కీ మంచిది కాదు. పీడనం తగలగానే స్విఫ్ట్ తనంతట తానే మేలుకుంటుంది, స్విచ్ ఏదీ లేదు. ఫస్ట్ స్టేజ్‌ని వాల్వ్‌తో సహా నీళ్లలో ముంచి ట్రాన్స్‌మిటర్ మొదలు దగ్గర ఒక నిమిషం చూడండి. పోర్ట్ అంచున అంటుకున్న బుడగలు మొదట్లో కొన్ని వస్తాయి, అది చిక్కుకున్న గాలి. తుడిచాక మళ్లీ అదే చోటు నుంచి వరసగా వస్తుంటే లీకే. అప్పుడు స్పానర్‌తో ఇంకా బిగించడం కాదు చేయాల్సింది. గాలి వదిలి, విప్పి, ఓ-రింగ్ చూడాలి.

ఇప్పుడు ఏ వైపు పెట్టాలన్న ప్రశ్న. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో నిలవవు. ఫోన్ వాడే బ్లూటూత్ కొన్ని సెంటీమీటర్లలోనే చచ్చిపోతుంది. అందుకే ఈ ట్రాన్స్‌మిటర్లు 38 కిలోహెర్ట్జ్ లాంటి చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ వాడతాయి. అది నీటిలో నిలుస్తుంది గానీ దూరం పోదు. నిజానికి ఇక్కడ జరిగేది ఒక కాయిల్ అయస్కాంత క్షేత్రం సృష్టిస్తే ఇంకో కాయిల్ దాన్ని పట్టుకోవడం. ఆ క్షేత్రం దూరానికి ఘనంలో తగ్గుతుంది: దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు. ఉపయోగపడే దూరం సుమారు ఒక మీటర్ అని ఎందుకంటారో, 80 సెంటీమీటర్ల దగ్గర చక్కగా ఉన్న సిగ్నల్ చెయ్యి పూర్తిగా చాపగానే ఎందుకు పోతుందో ఈ లెక్కతో అర్థమవుతుంది.

దూరమే కాదు, దిశ కూడా ముఖ్యం. కంప్యూటర్ లోపలి కాయిల్ ట్రాన్స్‌మిటర్‌కి సమాంతరంగానో, కాస్త వాలుగానో ఉంటే బాగా అందుతుంది. ట్రాన్స్‌మిటర్ కొసకి నేరుగా ఎదురుగా, దూరంగా ఉంటే అందదు. డైవ్‌లో అంకె గీతలుగా మారితే కంగారు పడకుండా మణికట్టుని ఛాతీ ముందుకి తెచ్చి, పావు చుట్టు తిప్పి కొన్ని సెకన్లు ఆగండి. ఎక్కువసార్లు వెంటనే తిరిగొస్తుంది. చెయ్యి చాచి కెమెరా పట్టుకునేవాళ్లకి సిగ్నల్ ఎక్కువగా పోవడం వస్తువు లోపం కాదు.

కంప్యూటర్ ఏ చేతికి ఉంటే ఆ వైపు పోర్ట్‌లో పెట్టడం మామూలు పద్ధతి. చాలామంది ఎడమ చేతికి పెట్టుకుంటారు. గేజ్ హోస్ కూడా ఆనవాయితీగా ఎడమ వైపే వస్తుంది, అక్కడే చిక్కు. గేజ్ ఉంచుకునేవాళ్లు దాన్ని కదపకుండా ముందు కుడి పోర్ట్‌లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టి చూడండి. ఛాతీ ముందు చెయ్యి ఉంచే డైవర్లకి చాలాసార్లు అది చాలు. చాలకపోతే కంప్యూటర్‌ని కుడి చేతికి మార్చడం హోస్‌లన్నీ మార్చడం కంటే తేలిక.

ట్రాన్స్‌మిటర్ పక్కకి అడ్డంగానో, కొంచెం కిందికి వాలుగానో ఉండాలి. పైకి నిలబడి ఉంటే తలకి తగులుతుంది, లైన్‌కీ వలకీ చిక్కుతుంది. బీసీడీ ఇన్‌ఫ్లేటర్ హోస్ దాని మీద ఒత్తుకోకూడదు, వాల్వ్ నాబ్ తిప్పే చేతికి అడ్డు రాకూడదు. బల్ల మీద చూస్తే ఇది తెలియదు. రెగ్యులేటర్‌ని సిలిండర్‌కి పెట్టి, బీసీడీ తొడిగి, హోస్‌లన్నీ వాటి దారిన పెట్టాక చూడండి. జంట సిలిండర్లలో గేజ్ ఎడమ పోస్ట్ (వాల్వ్) మీద ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్ కుడి పోస్ట్‌కి వెళ్తుంది. అక్కడ మధ్యలో రెండు సిలిండర్లనీ విడదీసే ఐసోలేటర్ నాబ్‌కి దూరంగా ఉందో లేదో చూసుకోవాలి. సిలిండర్లు ఒంటికి రెండు పక్కలా ఉండే సైడ్‌మౌంట్‌లో సిలిండర్‌కొకటి చొప్పున రెండు కావాలి, సిలిండర్ పొడవునా కిందికి తిరిగి ఉంటే దెబ్బ తగలదు.

పొట్టి హోస్ మీద పెట్టాలా నేరుగా పోర్ట్‌లోనా అన్నదాని మీద డైవర్లలో రెండు వర్గాలున్నాయి. 15 సెంటీమీటర్ల హై ప్రెషర్ హోస్ చివర ట్రాన్స్‌మిటర్ పెడితే ఎవరైనా దాన్ని లాగినా హోస్ వంగుతుంది, పోర్ట్ విరగదు. ఇరుకు పోర్ట్‌లున్న ఫస్ట్ స్టేజ్‌లకీ అదే దారి. కానీ హోస్ రెండు చివర్లా ఓ-రింగ్‌లు పెరుగుతాయి, ట్రాన్స్‌మిటర్ వేలాడుతూ దిశ మార్చుకుంటుంటే సిగ్నల్ నిలకడ తగ్గుతుంది. స్విఫ్ట్ బాడీ పాత తరం వాటికంటే పొట్టిగా ఉండటం వల్ల మామూలు సింగిల్ సిలిండర్ డైవర్‌కి నేరుగా పోర్టే మేలని మా అభిప్రాయం. మీ సామాను ఇంకొకరు మోసే చోట, పడవ సిబ్బంది చేతుల్లో తిరిగే చోట డైవ్ చేస్తుంటే హోస్ పెట్టండి, దాన్ని పక్క హోస్‌కి రబ్బరు పట్టీతో కట్టి ఉంచండి.

ఎందుకంటే ట్రాన్స్‌మిటర్లు విరిగేది నీళ్లలో కాదు, ఒడ్డునే. ఫస్ట్ స్టేజ్ పక్కన చేతికి అందేలా పొడుచుకొచ్చిన వస్తువు కనిపిస్తే ఎవరి చెయ్యైనా దాని మీదికే పోతుంది. సిలిండర్ ఎత్తడానికి దాన్ని పట్టుకుంటారు, రెగ్యులేటర్‌ని వాల్వ్ మీద తిప్పి సరిచేయడానికి దాన్నే పట్టుకుంటారు. సామాను ఇచ్చేటప్పుడు దాన్ని చూపించి, అది పిడి కాదని నోటితో చెప్పండి. సిలిండర్‌ని పడుకోబెడితే ట్రాన్స్‌మిటర్ పైకి ఉండేలా పడుకోబెట్టాలి.

జత చేయడం తేలికే. స్విఫ్ట్ మీద ఆరంకెల నంబర్ ఉంటుంది. కంప్యూటర్ మెనూలో ఆ నంబర్ ఎక్కించి, సిలిండర్ నిండు పీడనం ఎంతో, రిజర్వ్ ఎంత ఉంచాలో పెట్టాలి. నంబర్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, అన్నీ తొడుక్కున్నాక వీపు వెనక ఉన్న నంబర్ చదవలేరు. నీళ్లలోకి దిగే ముందు వాల్వ్ తెరిచి, తెర మీద పీడనం చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగైదు సార్లు ఊపిరి పీల్చండి. అంకె స్థిరంగా ఉండాలి. పీల్చినప్పుడల్లా పడి లేస్తుంటే వాల్వ్ సరిగ్గా తెరవలేదన్నమాట. ఈ పరీక్ష పక్కవాళ్ల ట్రాన్స్‌మిటర్‌ని మీ కంప్యూటర్ చదువుతోందేమోనన్న అనుమానాన్నీ తీరుస్తుంది.

దగ్గర్లో చాలా ట్రాన్స్‌మిటర్లు ఉన్నప్పుడే స్విఫ్ట్ ముందంజలో ఉంటుంది. పాత తరం ట్రాన్స్‌మిటర్లు కొన్ని సెకన్లకోసారి కళ్లు మూసుకుని పంపేవి. రెండింటి సమయం ఒకేసారి పడితే సంకేతాలు ఢీకొని ఏదీ అందేది కాదు. అందుకే షియర్‌వాటర్ అప్పట్లో బూడిద రంగుదీ పసుపు రంగుదీ వేర్వేరు వ్యవధులతో అమ్మింది. స్విఫ్ట్ మాత్రం పంపే ముందు చుట్టూ ఇంకేదైనా పంపుతోందా అని వింటుంది, ఆ సందు చూసి పంపుతుంది. రెండు మూడు సిలిండర్లతో డైవ్ చేసేవాళ్లకి ఈ ఒక్క గుణం కోసమే ఇది కొనదగ్గది.

గాలి ఇంకెన్ని నిమిషాలు వస్తుందన్న అంకెని మాత్రం ఆచితూచి నమ్మండి. గత రెండు నిమిషాల వాడకం సగటు మీద లెక్కించే అంకె అది. ప్రవాహానికి ఎదురీదాక పడిపోతుంది, కాసేపు కదలకుండా ఉంటే పెరుగుతుంది. వాడకాన్ని నిమిషానికి ఇన్ని బార్ అని చూపుతుంది కాబట్టి 12 లీటర్ల సిలిండర్ అంకెనీ 15 లీటర్ల దాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఎండలో ఉన్న సిలిండర్ నీళ్లలో దిగగానే పీడనం తగ్గుతుంది, 200 బార్ దగ్గర ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 బార్ చొప్పున. దిగిన మొదటి నిమిషాల్లో ఐదారు బార్ ఎటో పోయినట్టనిపిస్తే ముందు గుర్తుకు రావాల్సింది ఇదే. ఆ తర్వాత కూడా ఊపిరితో పొంతన లేకుండా తగ్గుతుంటే బడ్డీకి, అంటే తోటి డైవర్‌కి, వీపు చూపించి బుడగలున్నాయేమో చూడమనండి.

బ్యాటరీ సీఆర్123ఏ, మీరే మార్చుకోవచ్చు. అదే సైజులో వచ్చే రీచార్జ్ బ్యాటరీలు వేయకండి, వాటి వోల్టేజ్ ఎక్కువ. ప్లస్ గుర్తు చూసి పెట్టి, మూత ఓ-రింగ్ మీద వెంట్రుకంత నూలు పోగు కూడా లేకుండా తుడిచి మూయండి. చల్లని నీళ్లలో బలహీనమైన బ్యాటరీ ముందే చేతులెత్తేస్తుంది, కాబట్టి హెచ్చరిక వచ్చాక ఇంకో డైవ్ లాగుదామని చూడకండి. డైవ్ అయ్యాక వాల్వ్ మూసి గాలి వదలకపోతే ట్రాన్స్‌మిటర్ నిద్రపోదు, బ్యాటరీ ఊరికే కరిగిపోతుంది.

కెమెరా ఫ్లాష్, నీటి స్కూటర్ మోటర్, వేడి చొక్కా సిగ్నల్‌ని కాసేపు చెడగొట్టగలవు. ఫ్లాష్ వెలిగిన క్షణం పోయి వెంటనే వస్తే పట్టించుకోనక్కర్లేదు. స్కూటర్ నడుస్తున్నంతసేపూ పోతుంటే కంప్యూటర్‌ని మోటర్‌కి దూరంగా ఉన్న చేతికి మార్చండి.

గేజ్ తీసేయొచ్చా? తేలికపాటి డైవ్‌లలో, అంకె పోతే వెంటనే పైకి రావడానికి ఏ అడ్డూ లేని చోట, తీసేసేవాళ్లని తప్పు పట్టం. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగాల్సిన డీకంప్రెషన్ ఉన్నా, గుహలోనో ఓడ శిథిలంలోనో ఉన్నా, పీడనం చూపే రెండో సాధనం ఉండాల్సిందే. ఇంకో హద్దు ఆక్సిజన్. స్విఫ్ట్‌ని 40 శాతం దాటిన మిశ్రమాలకి వాడకూడదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండే డీకంప్రెషన్ సిలిండర్ మీద మామూలు గేజే ఉంచండి.

దూరం ఎక్కువ కావాలంటే గార్మిన్ ట్రాన్స్‌మిటర్లు రేడియోకి బదులు నీటిలో ధ్వని వాడతాయి, 10 మీటర్ల దాకా అందుతాయి. బడ్డీ పీడనం కూడా చూడాలనుకునేవాళ్లకి అదే నయం. కానీ అవి గార్మిన్ కంప్యూటర్లతోనే మాట్లాడతాయి.

బిగించాక ప్రతి డైవ్ తర్వాతా విప్పక్కర్లేదు. ఫస్ట్ స్టేజ్ దుమ్ము మూత పెట్టి, మంచినీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెడితే చాలు. కానీ ఏళ్ల తరబడి అక్కడే వదిలేయకండి. ఉప్పు మరల్లో పేరుకుని ట్రాన్స్‌మిటర్ పోర్ట్‌ని కరుచుకుంటుంది, విప్పబోతే మెటల్ రాదు, ప్లాస్టిక్ విరుగుతుంది. రెగ్యులేటర్‌ని సర్వీస్‌కి ఇచ్చినప్పుడల్లా ట్రాన్స్‌మిటర్ తీయించి, 012 ఓ-రింగ్ కొత్తది వేయించి, మళ్లీ అదే పోర్ట్‌లో పెట్టించుకోండి. ప్లాస్టిక్ పట్టుకుని తిప్పొద్దని టెక్నీషియన్‌కి కూడా చెప్పండి.